వీధి మూల విగ్రహం

మున్సిపల్ కార్పొరేషన్ ప్లానింగ్ ఆఫీసరు విగ్రహం మీది ముసుగు ఎత్తి చూపించాడు, తనే పోత పోసినంత గర్వంగా.

"ఎలా ఉందయ్యా? అచ్చం నువ్వే!"

చెప్పులు కుట్టే ముసలాయన నోరెళ్లబెట్టాడు. ఏళ్ల తరబడి తను కూర్చున్న వీధి మూలలో ఇప్పుడొక కంచు మనిషి కూర్చుని చెప్పు కుడుతున్నాడు. బజారుకు కొత్త రూపు తెస్తామంటూ కిందటేడు తనను గొడుగుతో సహా లేపేసింది ఈ ఆఫీసరే. ఇవాళ రమ్మని కబురు పెడితే, చోటు తిరిగిస్తాడేమోనని పనిముట్ల సంచీతో పరుగెత్తుకొచ్చాడు.

"మరి నేనెక్కడ కూర్చోను బాబూ?"

"నువ్వెందుకయ్యా, రోడ్డు అందం చెడగొట్టడానికా? ఇది మీ వృత్తికి మేం చేస్తున్న గౌరవం. పక్కన నిలబడు, మేయరు గారితో ఫొటో తీస్తారు."

"కూడు లాక్కుని గౌరవం వడ్డిస్తున్నారా?"

ఆఫీసరు వినిపించుకోలేదు. మేయరు కారు మలుపు తిరగడం చూసి ఎదురు పరుగెత్తబోయాడు. పటుక్కున చెప్పు తెగింది.

"పెద్దాయనా! నీకు పుణ్యముంటుంది, తొందరగా ఒక్క కుట్టు వెయ్యి!"

ముసలాయన సంచీ భుజానికి తగిలించుకుని, కంచు మనిషి వైపు చెయ్యి చూపించాడు.

"నన్నడుగుతారేం బాబూ? మీరు కూర్చోబెట్టినాయన ఖాళీగానే ఉన్నాడుగా. ఆయనకివ్వండి."