ఎడమ చెవి వెనక గుంట

"ఇది మీ మామ్మ సెయ్యే," అంది అమ్మ, కంప్యూటర్ తెర మీద తిరుగుతున్న పుర్రెను చూసి.

యమున నవ్వింది. ఈ ఏడాది తీసిన సీటీ స్కాన్లలో పుర్రె ఎముకల మందం కొలవడం ఆమె డాక్టరు చదువులో భాగం. స్కాన్లకు పేర్లు చెరిపేసి ఇస్తారు. వయసు, ఆడా మగా అన్నదే ఉంటుంది. అమ్మ క్యారేజీ తెచ్చి పక్కన కూర్చుంది.

"నవ్వకే. పురిటి పిల్లలకి నీళ్లోసినప్పుడు ఆముదం రాసి, గుండ్రంగా రావాలని మా అత్త తల ఒత్తేది. వంకర బొటనేలు కదా, ఎడం సెవి ఎనక గుంట పడిపోయేది. నీదీ తడిమి సూడు."

యమున తడుముకుంది. గుంట ఉంది, సరిగ్గా తెర మీద కనిపిస్తున్న చోటే.

"మన వీధిలో ఎవరిదో అయ్యుంటాది."

"మనింటి పిల్లలకి తప్ప అత్త ఎవరికీ నీళ్లు పొయ్యలేదు. ఎవరే ఈ మనిషి? వయసెంత?"

"ఆడమనిషి. ఇరవయ్యారు."

యమునకీ ఇరవయ్యారే.

అమ్మ కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. యమునతో కవలగా పుట్టిన రెండో పిల్ల పుడుతూనే పోయిందని, తనే పాతిపెట్టించానని చెప్పింది మామ్మే.

"ఒక్కపూట ఒత్తితే ఇంత గుంట పడదు కదమ్మా?"

"మూణ్నెల్లు ఒత్తాల."

అమ్మ తెర మీది గుంట మీద వేలు పెట్టింది.

"నువ్వు పుట్టేక మూణ్నెల్లూ, నీకు నీళ్లోసి, సబ్బుతో సేతులు కడుక్కుని, శ్రీకూర్మం గుడికని ఎళ్లిపోయేది అత్త. తిరిగొచ్చేసరికి మళ్లీ ఆముదం వాసనేసేవి సేతులు. గుడిలో దీపాల నూనె అనుకున్నానే."