అరవైలో పది

"ముందు చీటీలు లెక్కపెట్టండి."

గళ్ళ చొక్కా ఆయన ఆ మాట అనడం అది మూడోసారి.

స్కూలు హాల్లో గోల లేచింది. పది ఉచిత సీట్లు, అరవై అర్జీలు. పొద్దున్న ఏడింటి నుంచి లాటరీ కోసం నిలబడి అందరికీ కాళ్ళు పీకుతున్నాయి.

వరసలో ఉన్న ఒక తల్లికైతే ఒళ్ళు మండిపోయింది. భుజం మీద నాలుగేళ్ళ చిన్నది నిద్రపోతోంది. పదింటికల్లా కుట్టుమిషన్ ముందు కూర్చోకపోతే షాపావిడ ఊరుకోదు. తన చదువు ఎలాగూ ఎనిమిదితో ఆగిపోయింది. ఇక్కడ సీటు రాకపోతే దీని చదువు మొదలే కాదు.

"అన్నీ వేశామయ్యా! నా మీద నమ్మకం లేదా?" గుమాస్తా డబ్బా ఎత్తి గలగలా ఊపాడు.

"నమ్మకం కాదు సార్, లెక్క. అరవైలో పది అంటే ఆరుగురిలో ఒకరికి అవకాశం. బాగానే ఉంది. అసలు చీటీయే డబ్బాలో పడని బిడ్డకి ఎంత? సున్నా. వందసార్లు తీసినా సున్నాయే."

"ఆ పాఠమేదో ఇంటికెళ్ళి చెప్పుకో!" వెనకనుంచి ఎవరో అరిచారు.

ఆమె ఇక ఆగలేకపోయింది.

"ఏమయ్యా, నీ ఒక్కడికేనా బిడ్డ? పనులు మానుకుని వచ్చింది నీ లెక్కలు వినడానికా? నీ పిల్ల చీటీ ఎక్కడికీ పోదులే, నోరు మూసుకుని నిలబడు!"

ఆయన ఆమెని చూశాడు. నిద్రపోతున్న చిన్నదాన్ని చూశాడు.

"పోతుందమ్మా," అన్నాడు.

వాచ్‌మన్ ఆయన రెక్క పట్టుకుని బయటికి లాక్కెళ్ళాడు. "పీడ విరగడైంది" అని పైకే అన్నది ఆమే.

"ఆ లెక్కేదో పెట్టి పడేయండి, మళ్ళీ నా గదికొచ్చి రభస చేయకుండా," హెడ్‌మిస్ట్రెస్ విసుక్కుంది.

గుమాస్తా డబ్బా బల్ల మీద బోర్లించాడు. కసికసిగా లెక్కపెట్టాడు.

యాభై తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాడు. యాభై తొమ్మిదే.

అర్జీలు ముందేసుకుని ఒక్కొక్కటీ సరిచూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నలభై రెండో నంబరు... ఎవరిది?"

ఆమె చేతిలో రసీదు చూసుకుంది. నలభై రెండు.

"ఎక్కడ పారేశావయ్యా నా బిడ్డని?" ఆ కేకకి చిన్నది ఉలిక్కిపడి లేచింది.

గుమాస్తా కొత్త చీటీ రాసి, అందరికీ చూపించి, మడిచి డబ్బాలో వేశాడు.

లాటరీలో ఎనిమిదో చీటీ నలభై రెండు.

పక్కనున్నవాళ్ళు ఏదో అంటున్నారు. ఆమెకి వినపడలేదు. తన నోటిని తనే తిట్టుకుంటూ, చిన్నదాన్ని చంకనేసుకుని గేటు దాకా పరిగెత్తింది.

అక్కడ ఆయా ఒక్కతే ఊడుస్తోంది.

"గళ్ళ చొక్కా ఆయనేడీ?"

"ఎప్పుడో వెళ్ళిపోయాడు."

"అదేంటి? వాళ్ళ పిల్లకి సీటు వచ్చిందో లేదో చూసుకోకుండానే?"

ఆయా నడుం పట్టుకుని నిలబడింది.

"ఆ పిల్లకి వయసు దాటిపోయిందమ్మా, ఈ ఏడు ఆయన అర్జీయే పెట్టలేదు. కిందటేడు లాటరీ అయిపోయాక, బల్ల కింద ఊడుస్తుంటే ఆ పాప చీటీ నా చీపురుకే తగిలింది."