నూనెగాడి ఉచిత సలహా

వీధి తలుపుకి తాళంకప్ప వేళ్ళాడుతోంది. దొంగకి అంతకంటే మంచి ఆహ్వానం ఏముంటుంది?

తోటి దొంగలు అతన్ని నూనెగాడు అంటారు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు తలుపు బందులకి నూనె వేయందే పని మొదలుపెట్టడు. తలుపు కిర్రుమందంటే దొంగ పని గోవిందా అన్నది అతని సిద్ధాంతం.

మిట్టమధ్యాహ్నం. వీధి వీధంతా కునుకు తీస్తోంది. నూనెగాడు ఇంటి వెనక్కి చేరి, బందులకి శ్రద్ధగా నూనె వేసి, గడియ తీయడానికి కొస వంచిన తీగ బయటికి తీశాడు. తలుపు మీద చెయ్యి ఆనించాడో లేదో, అదే తెరుచుకుంది. గడియే పడలేదు.

'ఏం మనుషులో!' అని మనసులోనే చీవాట్లు పెట్టి లోపల అడుగేశాడు. పడగ్గదిలోకి తొంగి చూసేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

బీరువా ఎదురుగా స్టూలు మీద ఓ పెద్దాయన, చెంపకి చెయ్యి ఆనించుకుని దిగులుగా కూర్చుని ఉన్నాడు. తెల్లటి జుట్టు, తెల్లటి చొక్కా, మెడలో దారానికి వేళ్ళాడే కళ్ళజోడు. ఆయనా ఉలిక్కిపడ్డాడు.

"ఎవరు నాయనా నువ్వు?"

నూనెగాడు తన చేతిలోని నూనె డబ్బా వైపు, తీగ వైపు చూసుకున్నాడు. అబద్ధం దానంతటదే అల్లుకుంది.

"తాళాల కంపెనీ నుంచండీ. ఇంటికి భద్రత ఎంతుందో ఉచితంగా చూసి చెబుతామండీ. ముందు తలుపుకి తాళం ఉంటేనూ... ఇటు వచ్చాను."

పెద్దాయన అతన్ని ఎగాదిగా చూశాడు. మెల్లగా ఆయన ముఖం విప్పారింది.

"మంచి సమయానికి వచ్చావు. మోకాళ్ళ నొప్పులతో లేచి తలుపు తీయలేనని మా అమ్మాయి బయట తాళం వేసుకుని వెళ్ళింది. కూర్చో. అల్లుడు కూడా వచ్చేస్తాడు, ఆయనకీ చెబుదువుగాని. పోలీసు ఇన్‌స్పెక్టరు."

నూనెగాడు వెనక తలుపు వైపు ఓ చూపు విసిరాడు. "ఆయన వచ్చేలోపే ముగించేస్తానండీ."

"ముందు మంచినీళ్ళు తాగు." పెద్దాయన వంటింట్లో ఒక్కో అలమరా తీసి చూసి, చివరికి ఎక్కడో ఓ గ్లాసు పట్టుకున్నాడు. "మా ఆవిడ పోయాక ఏది ఎక్కడుందో తెలిసి చావదు నాయనా."

ఆ మాటకి నూనెగాడి మనసు కరిగింది. పోతే పోయింది, ఈ ముసలాయనకి నిజంగానే నాలుగు మంచి మాటలు చెప్పి పోదామనిపించింది.

"చూడండీ, కప్ప బయట వేళ్ళాడితే ఇంట్లో ఎవరూ లేరని బోర్డు కట్టినట్టే. తలుపులోనే ఇమిడిపోయే తాళం పెట్టించండి. గడియలకి పొడుగాటి స్క్రూలు వేయించండి. పొట్టివైతే ఒక్క తన్నుకి ఊడొస్తాయి. తాళంచెవి పూలకుండీ కింద మాత్రం పెట్టకండి. ముందు వెతికేది అక్కడే."

"ఎవరు?"

"దొంగలండీ. అనుకుంటుంటే విన్నాను."

"మరి కిటికీ అద్దం చప్పుడు కాకుండా తీస్తారంటారే, అదెలా నాయనా?" పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని మరీ అడిగాడు.

నూనెగాడు చేతులు తిప్పుతూ వివరంగా చెప్పాడు. తన పనితనం గురించి ఇంత ఆసక్తిగా అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు. కన్నతండ్రి కూడా అడగలేదు.

"అన్నిటికీ మించి, పట్టపగలు వెనక తలుపు గడియ వేసుకోకుండా కూర్చోవడమేంటండీ! ఎవడైనా దూరితే?"

"తప్పే నాయనా. మరిచిపోయాను." పెద్దాయన బుద్ధిగా తల వంచుకున్నాడు. "వెళ్ళేముందు ఆ బీరువా కూడా చూడు. దాన్ని ఎవడూ తీయలేడని మా అల్లుడి నమ్మకం."

నూనెగాడికి పౌరుషం పొడుచుకొచ్చింది. "దీన్నా?" తీగ దూర్చి అటూ ఇటూ తిప్పాడు. బీరువా నోరు తెరిచింది.

"అటు తిరుగు నాయనా. ఆడపిల్ల వస్తువులుంటాయి" అన్నాడు పెద్దాయన మృదువుగా.

నూనెగాడు సిగ్గుపడి గోడవైపు తిరిగాడు.

"ఇక బయల్దేరు. అల్లుడొచ్చే వేళయింది. వచ్చిన దారినే వెళ్ళు. ఎవరి కంటా పడకు."

వీధి మలుపు తిరిగాక గానీ ఆ చివరి మాట నూనెగాడికి తలకెక్కలేదు. ఎవరి కంటా పడకు! అంటే పెద్దాయనకి అంతా తెలుసన్నమాట. దొంగనని తెలిసీ మంచినీళ్ళిచ్చాడు. నాయనా అని పిలిచాడు. అల్లుడి చేతికి చిక్కకుండా సాగనంపాడు. నూనెగాడు ఓ ప్రహరీగోడ పక్కన నిలబడి చొక్కా కొసతో కళ్ళు ఒత్తుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే దుకాణానికి వెళ్ళి, జన్మలో మొదటిసారి ఓ తాళం కొన్నాడు. తను కూడా తీయలేని రకం. దాన్ని పెద్దాయన తలుపుకి తన చేత్తోనే బిగించి, తప్పు ఒప్పుకుని, ఈ పనికి స్వస్తి చెప్పాలని నిశ్చయించుకున్నాడు. అల్లుడు పట్టుకుంటే పట్టుకున్నాడు. ఈసారి వీధి తలుపే తట్టాడు, పెద్దమనిషిలా.

తలుపు తీసినావిడ కళ్ళు ఏడ్చి ఏడ్చి ఎర్రబడి ఉన్నాయి. పెద్దాయన అమ్మాయి కాబోలు అనుకున్నాడు. ఆవిడ అతని చేతిలో తాళం చూసింది.

"తాళాల మనిషివా? ఒక్కరోజు ముందు రాలేకపోయావా బాబూ! నిన్న మేం బయటికెళ్ళినప్పుడు ఎవడో బీరువా ఊడ్చుకుపోయాడు."

నూనెగాడి నెత్తురు ఉడికిపోయింది. తను అటు వెళ్ళగానే ఇంకెవడో ఇటు దూరాడన్నమాట! అంత మంచి మనిషి ఉన్న ఇంట్లో చెయ్యి పెట్టడానికి వాడికి మనసెలా ఒప్పింది?

"వాణ్ణి వదలకూడదమ్మా! పాపం, నాన్నగారు బెదిరిపోలేదు కదా?"

ఆవిడ అతన్ని వింతగా చూసింది.

"నాన్నగారెవరయ్యా? ఈ ఇంట్లో ఉండేది మేమిద్దరు అక్కచెల్లెళ్ళమే."