గుండు పడని సందు

ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకుని బయటికి పరిగెడుతుంటే, ఒక ముసలావిడ ఎదురు నడిచి లోపలికి వచ్చింది.

"మతి పోయిందా అవ్వా? ఇంకాసేపట్లో కోట తలుపులు మూసేస్తారు!" అన్నాడు కావలివాడు.

"మూసుకో నాయనా. చలిగాలైనా రాకుండా ఉంటుంది," అందావిడ.

ఇంగ్లండులో రాజుకీ పార్లమెంటుకీ కొట్లాట ముదిరిన రోజులవి. రాజుగారి మనుషులు గోడల లోపల, పార్లమెంటు సైన్యం గోడల బయట. జరుగుతున్నదాన్ని సిపాయిలు 'లీగర్' అన్నారు. పాదిరిగారు దిగ్బంధం అన్నారు. పెద్దమనుషులు ముట్టడి అన్నారు. గొర్రెల సందులో ఆడవాళ్లు మాత్రం ఆకలి అన్నారు.

థామసిన్ ఇల్లు ఆ సందులోనే. మగడు అంతకుముందే యుద్ధంలో పోయాడు. ఒళ్లో నెలల పిల్ల. ముసలావిడ వచ్చి తల దాచుకోనిమ్మంటే, తోడుగా ఉంటుందిలే అని సరేనంది. పేరు ఎవిస్ అని చెప్పింది గానీ, ఏ ఊరో చెప్పలేదు.

"నీకెవరూ లేరా అవ్వా?"

"ఒకడున్నాడు. వాడు చేసే పని చెప్పుకోవాలంటే సిగ్గు," అని మాట మార్చేసింది.

ఎవిస్ నోరు మహా చెడ్డది. గోడ బయట దక్షిణం గుట్ట మీద ఫిరంగి పేలినప్పుడల్లా వాకిట్లోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని తిట్లు అందుకునేది.

"నీ చేతులు పడిపోను! రొట్టె తింటున్నావా, గడ్డి తింటున్నావా!"

సందంతా పడీపడీ నవ్వేది. నవ్వడానికి అదొక్కటే మిగిలింది మరి.

పక్క వీధుల్లో ఇళ్ల కప్పులు ఎగిరిపోయాయి. చర్చి గోపురం సగం కూలింది. గొర్రెల సందులో మాత్రం ఒక్క పెంకు కదల్లేదు. అదంతా తన ప్రార్థనల మహిమేనని పాదిరిగారు చెప్పుకుని తిరిగారు.

ప్రార్థనలకి కడుపు నిండదు కదా. గుర్రాలన్నీ కూరలోకి పోయాయి. వీధుల్లో కుక్క అరుపు లేదు. థామసిన్‌కు పాలు ఇంకిపోయాయి. పిల్ల ఏడుపు పిల్లికూన కూతలా సన్నబడింది. ఇది దక్కదేమో అని థామసిన్ ప్రాణం విలవిల్లాడింది.

అప్పుడు హుకుం వచ్చింది. ఊళ్లో చుట్టాలెవరూ లేని పరాయివాళ్లంతా కోట బయటికి పోవాలి. ఇకనుంచి వాళ్ల వంతు రొట్టె, వాళ్లు ఇన్నాళ్లూ ఉన్న ఇంటికే ఇస్తారు.

ఊరి బంట్రోతు హంఫ్రీ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏవమ్మా థామసిన్, ఈవిడ నీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

హంఫ్రీ గొంతు తగ్గించాడు. "పిన్నో, మేనత్తో, ఏదో ఒకటి అనమ్మా. నా దారిన నేను పోతాను. బయట మంచు కురుస్తోంది."

థామసిన్ పిల్ల వైపు చూసింది. ఆ రొట్టె కళ్ల ముందు మెదిలింది.

"ఏమీ కాదన్నాను కదా! ఎవరో కూడా నాకు తెలియదు."

ఎవిస్ వెనకే నిలబడి ఉంది. అంతా విన్నది.

"నిజమే నాయనా, నేనేమవుతాను!" అని శాలువా కప్పుకుంది. గుమ్మం దాటుతూ, "గాలి తగుల్తోంది, పిల్లని లోపలికి తీసుకుపోవే," అంది. అంత నోరున్న మనిషి ఒక్క తిట్టు కూడా తిట్టలేదు.

ఉత్తరం తలుపు తీసి అందరినీ బయటికి నెట్టారు. అటు సైన్యం దారివ్వలేదు. లోపల తినే నోళ్లు తగ్గితే వాళ్లకే నష్టం కదా, తుపాకులు చూపించి వెనక్కి తరిమేసింది. తిరిగొస్తే ఇటు తలుపు తియ్యలేదు. కోట గోడ కింద కందకంలో, మంచులో, వాళ్లు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నారు. ఎవిస్ అందరికన్నా ముందే ప్రాణం విడిచిందని హంఫ్రీ వచ్చి చెప్పాడు. చెప్పి, థామసిన్ మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

థామసిన్ ఆ రొట్టె తిన్నది. తలుపు వేసుకుని, సిగ్గుతో చచ్చిపోతూ తిన్నది. పాలు పడ్డాయి. పిల్ల బతికింది.

ఆ తర్వాత ఎన్నాళ్లో పట్టలేదు, ఊరు లొంగిపోయింది. తలుపులు బార్లా తెరిచారు. సైన్యం వస్తోందని అందరూ ఇళ్లలో దూరారు.

అందరికన్నా ముందు ఒకడు గొర్రెల సందులోకి పరుగులాంటి నడకతో వచ్చాడు. మందుగుండు పట్టి నల్లబడ్డ చేతులు, కాలిన కనుబొమలు. ఫిరంగి పేల్చేవాడని చూడగానే తెలిసిపోతోంది. ఇంటింటి కప్పూ తలెత్తి చూసుకుంటూ, తనలో తను మురిసిపోతున్నాడు.

తలుపు సందులోంచి చూస్తున్న థామసిన్ కనబడగానే ఆగి, టోపీ తీశాడు.

"ఎవిస్ అని ఒక పెద్దావిడ ఈ సందులో దిగి ఉండాలమ్మా. నోరు కొంచెం పెద్దది."

థామసిన్ పిల్లని గుండెకి అదుముకుంది. పక్కింటివాళ్లు చప్పుడు కాకుండా కిటికీ మూసేశారు.

అతను నవ్వాడు.

"పలకొద్దని చెప్పిందా? ఇంకా కోపం తగ్గలేదన్నమాట. 'పసిపిల్లలున్న ఊరి మీద గుండ్లు వేస్తావట్రా? పోయి నీ ఫిరంగికి ఎదురుగా ఉన్న ఆ గొర్రెల సందులోనే కూర్చుంటా, ఎలా వేస్తావో చూస్తాను' అని పంతం పట్టి వచ్చేసింది."

థామసిన్ తల ఎత్తలేకపోయింది.

"లోపలికెళ్లి చెప్పమ్మా, ఈ సందులో నీ కొడుకు ఒక్క పెంకు కూడా పగలగొట్టలేదట, ఇక అలక మాని బయటికి రమ్మంటున్నాడని."