సిందూరం మానితే

“సిందూరం మానెయ్యాలి.”

మూడో డాక్టరూ అదే మాట అన్నాడు. అష్టమి అత్త వైపు చూసింది.

మచ్చలు మొదలై ఏడాది దాటింది. నుదుటి మీద, ముక్కుకి అటూ ఇటూ చెంపల మీద ఎర్రగా లేచాయి. ఎండ తగిలితే మండుతాయి. పాపిట దగ్గర జుట్టు ఊడిపోతోంది. పొద్దున్నే వేళ్లు ముడుచుకోవు.

అడవి పక్కన వాళ్లుండే దీవిలో కాంపౌండరు ఉప్పునీళ్ల వల్ల అన్నాడు. నడుంలోతు ఏట్లో నిలబడి రొయ్యపిల్లల్ని పట్టే ఆడవాళ్లకి ఇవి మామూలేనని పూతమందు ఇచ్చాడు. గోసాబాలో ఒకాయన ఆమె పాపిట చూశాడు, సిందూరం అన్నాడు. బసంతిలో ఇంకొకాయనా అంతే. ఇప్పుడు క్యానింగ్‌లో ఈయన.

“ఈ రోజుల్లో సిందూరంలో ఏం కలుపుతున్నారో ఎవరికి తెలుసు మాసీ? నెల రోజులు ఆపి తీసుకురా.”

అత్త ఖిరోదా గొంతు లేచింది. “మొగుడుండగా పాపిట తుడుచుకోమంటావా బాబూ? ఆ మాట మీ ఇంట్లో అని చూడు. మీ ఆవిడ చీపురు తిరగేస్తుంది.”

నర్సు నవ్వింది. డాక్టరూ నవ్వాడు.

“వీళ్లాయన ఏడీ? ఆయన్నే ఒప్పిస్తాను.”

“కేరళలో తాపీపని.”

“ఫోన్ కలుపు.”

“పనిలో ఉంటే ఎత్తడు.”

అష్టమి కుర్చీలో కదిలింది. చీర అంచు కిందికి లాక్కుంది. డాక్టరు చూపు ఆమె పాదాల మీద పడింది. వంగి, చీలమండ పైన బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. పూడలేదు.

“ఎప్పట్నుంచి?”

“వారం.”

“మూత్రంలో నురగ వస్తోందా?”

ఆమె తలూపింది.

డాక్టరు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. “ఇంకో జబ్బుంది. కాపలావాళ్లే ఇంటి మీద పడ్డట్టు, ఒంట్లో రోగాన్ని ఆపాల్సినవే ఒంటిని తినేస్తాయి. అదే అయితే కిడ్నీలు నెల ఆగవు. ఇవాళే కలకత్తా పంపాలి. కానీ అక్కడా ముందు ఈ సిందూరమే చూస్తారు. మానేసి రమ్మని తిప్పి పంపుతారు. ఎప్పుడైనా కొన్నాళ్లు పెట్టుకోకుండా ఉన్నావా? అప్పుడు తగ్గిందా?”

అష్టమి నోరు తెరిచింది. అత్త ఆమె మోచెయ్యి పట్టుకుంది.

“ముత్తైదువ పెట్టుకోకుండా ఎలా ఉంటుంది?”

“అయితే నేనేం రాయను మాసీ? అది మానేసి నెలాగి రండి.” ఆయన చీటీ లాక్కున్నాడు.

అష్టమి లేవబోయింది. కాళ్లు సహకరించలేదు. బల్ల పట్టుకుని నిలబడింది.

ఖిరోదా వెళ్లి తలుపు మూసింది. తిరిగొచ్చి డాక్టరు చేతిలో కలాన్ని పట్టుకుంది.

“మానినా తగ్గలేదని రాయి బాబూ; పర్మిట్ లేకుండా అడవికి పోయిన నా కొడుకుని మాఘంలో పులి ఎత్తుకుపోయింది, అప్పట్నుంచీ ఇంట్లో దీని పాపిట బోసే, ఈ సిందూరం, తెలిస్తే మా మీదే కేసు పెట్టే ఫారెస్టు వాళ్లు పసిగట్టకుండా పొద్దున పడవెక్కే ముందు నేను పెట్టింది.”