కొలిమితిత్తి

సముద్రం అడుగునుంచి పైకొచ్చి పడవ ఎక్కీ ఎక్కగానే భార్య అందుకుంది.

"మళ్ళీ గాలంతా తాగేశారా! నా సిలిండర్ చూడండి, సగానికి పైనే ఉంది."

భర్త ముఖం తుడుచుకుని నవ్వి ఊరుకున్నాడు. పడవలోవాళ్ళు ఆయనకి కొలిమితిత్తి అని పేరు పెట్టేశారు. దానికీ ఆయనకి కోపం రాలేదు.

కోపం వచ్చింది వాళ్ళని సముద్రం అడుక్కి తీసుకెళ్ళే డైవింగ్ కోచ్‌కి. ఒకరి గాలి అయిపోతే జట్టు మొత్తం పైకి రావాలన్నది ఆమె నియమం. సముద్రం అడుగున మునిగిపోయిన పాత ఓడ ఉంది. దాని లోపల చూడాలనే అందరూ వచ్చారు. తీరా గుమ్మం దాకా వెళ్ళాక, ఈయన సిలిండర్ మీటరు ముల్లు ఎర్రగీత దగ్గర ఉందని చూపిస్తాడు. రోజూ ఇదే తంతు. ఇక మిగిలింది రేపొక్కటే.

"అన్నయ్యా, రేపు కూడా ఇదే వరసైతే మిమ్మల్ని పడవలోనే కూర్చోబెడతాను. వదిన నాతో వస్తుంది," అంది కోచ్ మొహమాటం లేకుండా.

ఆయన ముఖం వాడిపోయింది. "అంతమాట అనకమ్మా. ఆవిడతో నేనుండాలి."

జాలేసింది కోచ్‌కి. ఆ సాయంత్రమే ఇద్దరినీ సామాన్ల షాపుకి తీసుకెళ్ళింది. ఆయన చేత వదులుగా వేలాడే జాకెట్ తీయించి ఒంటికి పట్టేది తొడిగించింది. నీళ్ళలో మునగడానికి నడుముకి కట్టుకున్న సీసం దిమ్మల్లో రెండు పీకేసింది.

"ఇంత బరువు మోస్తూ ఈదితే ఆయాసం రాక చస్తుందా?"

సిలిండర్ కూడా పెద్దది ఎంపిక చేసింది.

"లారీకెక్కించేంత పెద్దది లేదూ?" అంది భార్య.

తర్వాత ఈతకొలనులో ఆయన్ని అడుగున కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది. చంటిపిల్లాడు నిద్రపోతున్నట్టు ఊపిరి తీస్తున్నాడు మహానుభావుడు! పైకొచ్చేసరికి కోచ్ కన్నా ఆయన దగ్గరే ఎక్కువ గాలి మిగిలింది.

"మరి సముద్రంలో ఏమవుతోంది అన్నయ్యా?"

"ఏమోనమ్మా," అన్నాడు తల గోక్కుంటూ.

మర్నాడు పడవలో భార్య హుషారు అంతా ఇంతా కాదు. "ఇవాళ ఓడలోకి అందరికన్నా ముందు దూరేది నేనే! మా ఆయన ఆపకపోతే!"

అందరూ గొల్లున నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఎప్పుడూ ముందు ఈదే కోచ్, ఈసారి సహాయకుణ్ణి ముందు పంపి, తను అందరి వెనకా దిగింది. ఆ లోపం ఏమిటో పట్టుకోవాలనే ఆమె పంతం. కొత్త జాకెట్ చక్కగా కుదిరింది. ఆయన ఒడుపుగా ఈదుతున్నాడు. ఊపిరి నిదానంగానే ఉంది. ఇవాళ ఓడ చూసినట్టేనని కోచ్ సంబరపడింది.

ఓడ గుమ్మం వచ్చింది, లోపలంతా కటిక చీకటి.

భార్య కళ్ళు గట్టిగా మూసుకుని, ఆయన ఎడమచేతిని రెండు చేతులా కరుచుకుని గజగజ వణుకుతుంటే, ఆయన కుడిచేతిని వీపు వెనక దాచి, అవసరానికి ఉంచుకునే రెండో మౌత్‌పీస్ బటన్ నొక్కిపట్టి, తన సిలిండర్‌లోని గాలిని తాపీగా సముద్రంలోకి వదిలేస్తున్నాడు.