ఒక్క పిల్లికి చోటు

"ఒక్క పిల్లి అయితే రండి. రెండోది నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు," అంది అద్దెకిచ్చే ఇంటావిడ ఫోనులో.

దర్జీ ఫోను పెట్టేసి భార్య వైపు తిరిగాడు. ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని అంతా విన్నది. చూపు పోయి ఐదేళ్లయింది గానీ చెవులు మాత్రం మునుపటికంటే పదునెక్కాయి.

"ఈ ఇల్లు వద్దులే," అన్నాడు. "ఇంకోటి చూస్తాను."

"ఇది ఎన్నోదండీ?"

"ఐదోది."

"మెట్లు లేవు. ఎదురుగా మందుల షాపు. స్నానాల గదిలో పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉందన్నారు. ఇలాంటి సరుకు మళ్లీ దొరుకుతుందా?"

"దొరక్కపోతే ఇక్కడే ఉందాం."

"పోయిన నెల ఈ మెట్ల మీంచి జారింది మీరు కాదు."



ఆ మెట్ల కింద గదిలోనే ఆవిడ ముప్పై ఏళ్లు గింజల కొట్టు నడిపింది. వీధంతా షావుకారమ్మ అనేవారు. గింజలు గుప్పెట్లోకి తీసుకుంటే చాలు, పాతవో కొత్తవో, తేమ ఎంతుందో చెప్పేసేది. ఎలుకల కోసం చేరదీసిన నాలుగు పిల్లులూ కొట్టు మూశాక ఆవిడ వెనకే మేడెక్కి వచ్చేశాయి. పేర్లు ఆవిడ పెట్టినవే. కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అనడం అలవాటు గనక మొదట వచ్చింది లాభం. వెళితే ఎప్పుడు తిరిగొస్తుందో తెలియనిది అరువు. ఎంత పెట్టినా పక్కటెముకలు కనిపించేది తరుగు. ఎవరూ అడక్కుండా సరుకుబండిలో బస్తాల మధ్య నుంచి దూకింది కొసరు.

ఆవిడ చూపు పోయాక, చేత్తో తడిమితే ఏది ఏదో తెలిసేలా దర్జీ నాలుగు మెడపట్టీలు కుట్టాడు. లాభానికి మఖమలు, అరువుకి ఉన్ని, తరుగుకి నూలు, కొసరుకి తోలు. కలిపి వదిలితే కొట్టుకుంటాయంటూ, ఒక్కోసారి ఒక్కదాన్నే వెనక గదిలోంచి తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టేవాడు.

"సరే, తీసుకురండి," అంది షావుకారమ్మ. "మనతో ఏది వస్తుందో ఇప్పుడే తేలుద్దాం."

"ఆ పని నావల్ల కాదు."

"తేల్చేది నేను. మీరు తెచ్చి ఒళ్లో పెట్టండి చాలు."

దర్జీ లేచాడు. వెనక గది తలుపు మూసుకుంది. కాసేపటికి తెరుచుకుంది. ఆవిడ ఒళ్లో బరువు దిగింది. వేళ్లు మెడ దగ్గరికి వెళ్లాయి. మఖమలు.

"లాభమా? ఏమే, ఇంత చిక్కిపోయావు?"

"వయసు మీద పడుతోంది కదా," అన్నాడు దర్జీ.

"ఇది మొదటిసారి ఈనింది ఎక్కడో గుర్తుందా? మీరు కుట్టిపెట్టిన పెళ్లికొడుకు సూటు మీద."

"మర్నాడే పెళ్లి."

"అయినా కసరలేదు మీరు. పైన ఇంకో గుడ్డ కప్పారు." వీపు మీద నెమ్మదిగా నిమిరింది. "వెళ్లు తల్లీ. ఆ కొట్టు నిలబడింది నీవల్లే."

మళ్లీ తలుపు. మళ్లీ కాసేపు ఆలస్యం. ఈసారి ఉన్ని తగిలింది.

"ఏంటీ, అరువుగాడు ఇవాళ ఇంట్లోనే ఉన్నాడా?"

"పొద్దున్నే వచ్చాడు."

"వచ్చాడూ." ఆవిడ ఉన్నిని ఇంకోసారి తడిమింది. "ఒకసారి పదకొండు రోజులు రాకపోతే మీరు సైకిలేసుకుని ఊరంతా గాలించారు. వీడేమో ఎదురింటి అటక మీద హాయిగా నిద్ర." నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "ఇంక నిన్ను వెతకడానికి ఎవరూ రారురా నాన్నా. వెళ్లు."

మూడోసారి నూలుపట్టీ.

"నువ్వు ఒళ్లు చేశావే తరుగూ. లాభం తగ్గింది, తరుగు పెరిగింది. సమయానికే కొట్టు మూశాం."

దర్జీ నవ్వలేదు.

"ఉరిమితే చాలు, పోయి మీ మిషను కింద దూరేది," అందావిడ. "దాని తోక నలుగుతుందని మీరు కాలు ఆడించేవారు కాదు. వానాకాలంలో ఒక్క జాకెట్టయినా చెప్పిన రోజుకి ఇచ్చారా?"

"భయస్తురాలు. ఏం చెయ్యను?"

"ఇంక ఏ ఉరుముకీ భయపడకమ్మా," అని దాని వీపు మీద చెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే ఉంచింది. తర్వాత తనే చెయ్యి తీసేసింది.

ఆఖర్న తోలు. ఒళ్లో దిగగానే రెండు చుట్లు తిరిగి, ముడుచుకుని పడుకుంది. ఆవిడ వేళ్లు మెడపట్టీ దగ్గర ఆగలేదు. కొసరుకి ఎప్పుడో చిరిగిన చెవిని వెతికి పట్టుకుని మెల్లగా రాశాయి.

"ఇది," అంది.

"ఇది?"

"ఇదే మనతో వస్తుంది. ఇంటావిడకి ఫోను చెయ్యండి."

దర్జీ కుర్చీ పక్కనే నేల మీద కూలబడ్డాడు. "మరి మిగతా మూడూ? ఎవరికిస్తాం? అరువుగాడు ఇంకొకరింట్లో నిలుస్తాడా? తరుగు కొత్తవాళ్ల చేతి తిండి ముట్టదు. లాభాన్ని ఈ వయసులో ఎవరు తీసుకుంటారు? వద్దు. రేపు ఆరో ఇల్లు చూస్తాను. ఆ మూడింటినీ వదిలేసి నువ్వెలా ఉంటావు?"

షావుకారమ్మ చెయ్యి గాలిలో వెతికి అతని తల మీద ఆగింది.

"నేను మూడింటికీ వెళ్లమని చెప్పేశానండీ. మీరూ చెప్పెయ్యండి."

"ఎలా చెప్పమంటావు?"

"రెండేళ్లుగా ఈ ఇంట్లో పట్టీలు నాలుగున్నా పిల్లి ఇదొక్కటేగా."